పరిచర్య కోసం క్రైస్తవ వేదాంతంలో పీజీ చేయాలనుకుంటున్నారా? మొదటి అడుగు ఎక్కడ వేయాలి, ఎక్కడ తడబడతారు

"డిగ్రీ అయిపోయింది. దేవుడు పరిచర్యకు పిలుస్తున్నాడనిపిస్తోంది. ఏ సెమినరీలో చేరమంటారు?" ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. సెమినరీ (వేదాంత కళాశాల) పేరు మాత్రం ముందే చెప్పను. అది నాలుగో అడుగులో తేలాల్సిన సంగతి. చాలామంది అక్కడి నుంచే మొదలుపెట్టి, రెండు మూడేళ్లు చదివాక వెనక్కి రావాల్సి వస్తోంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిగ్రీ సర్టిఫికెట్, అన్ని సంవత్సరాల మార్కుల జాబితాలు. విశ్వవిద్యాలయం నుంచి నేరుగా ట్రాన్స్‌క్రిప్ట్ పంపమని సెమినరీ అడగవచ్చు, దానికి వారాలు పడుతుంది.
- బాప్తిస్మ ధ్రువపత్రం, సంఘ సభ్యత్వ పత్రం.
- రెండు లేదా మూడు సిఫారసు లేఖలు. ఒకటి మీ పాస్టర్ గారిది, ఒకటి మీకు పాఠం చెప్పినవారిది, ఒకటి మీ పనిని దగ్గర నుంచి చూసినవారిది.
- మీ సాక్ష్యం (విశ్వాసంలోకి ఎలా వచ్చారో), ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే స్టేట్‌మెంట్.
- బోధన మీ మాతృభాషలో కాకపోతే ఆ భాషలో పరీక్ష స్కోరు.
- చదువు మొత్తానికి డబ్బు లెక్క. మొదటి సంవత్సరానిది ఒక్కటే వేసుకుంటే చాలదు.
- కనీసం ఒక సంవత్సరం సమయం. చేరే తేదీకి మూడు నెలల ముందు మొదలుపెడితే కింద చెప్పినవాటిలో సగం చేయలేరు.

1. ముందు మీ సంఘాన్ని అడగండి

సెమినరీ డిగ్రీ ఇస్తుంది. అభిషేకం, అంటే కాపరిగా (పాస్టర్‌గా) అధికారికంగా నియమించడం, సంఘం పని. ఈ రెండూ వేరు. మంచి మార్కులతో డిగ్రీ వచ్చినంత మాత్రాన మిమ్మల్ని కాపరిగా నిలబెట్టాలన్న బాధ్యత ఏ సంఘం మీదా ఉండదు. అందుకే, రేపు మీకు అభిషేకం ఇవ్వాల్సినవాళ్లు ఏం కోరతారో ముందే తెలుసుకోండి.

ఒక్కో సంఘానిది ఒక్కో పద్ధతి. కాథలిక్ గురువు కావాలంటే సంఘ చట్టం ప్రకారం కనీసం ఆరేళ్ల చదువు ఉంటుంది: తత్వశాస్త్రం రెండేళ్లు, వేదాంతం నాలుగేళ్లు. అక్కడ సెమినరీని మీరు ఎంచుకోరు, బిషప్ గారో మఠమో పంపుతారు. ప్రెస్బిటేరియన్ సంఘాలు చాలావాటిలో బైబిలు మూల భాషలైన హెబ్రీ, గ్రీకు రెండూ వచ్చి ఉండాలి. కొన్ని డినామినేషన్లు (సంఘ శాఖలు) తమ సొంత కళాశాలలో చదివినవాళ్లనే తీసుకుంటాయి. స్వతంత్ర సంఘాల్లో డిగ్రీ అక్కర్లేకపోవచ్చు, కానీ పెద్దల ఆమోదం లేనిదే ముందుకు వెళ్లనివ్వరు.

పాస్టర్ గారిని గానీ, అభ్యర్థుల్ని చూసే కమిటీని గానీ ఈ నాలుగూ అడగండి:

- ఏ డిగ్రీని అంగీకరిస్తారు?
- ఏ సెమినరీలను గుర్తిస్తారు? ఆన్‌లైన్ చదువును ఒప్పుకుంటారా?
- చేరకముందే అభ్యర్థిగా నమోదు కావాలా?
- చదువు అయ్యాక ఇంకా ఎన్నేళ్లు ప్రొబేషన్?

జవాబులు నోటిమాటగా వదిలేయకండి. ఈమెయిల్‌లోనో ఉత్తరంలోనో తీసుకోండి. కమిటీలు మారతాయి, మనుషులు మారతారు. నాకు తెలిసిన ఒక తమ్ముడు మూడేళ్లు బాగా చదివి వచ్చాడు. మా దగ్గర ఈ డిగ్రీ చెల్లదు, మా కళాశాలలో మరో రెండేళ్లు చదవాలి అన్నారు. అప్పటికే అతనికి పెళ్లయి, బిడ్డ పుట్టింది. చేరకముందు ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఆ రెండేళ్లూ మిగిలేవి.

అక్కాచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ సంఘం స్త్రీలకు అభిషేకం ఇస్తుందా, ఇవ్వకపోతే బోధన, కౌన్సెలింగ్, ఆసుపత్రి చాప్లిన్ (రోగులకు ఆత్మీయంగా తోడుండేవారు) వంటి ఏ పనులకు గుర్తింపు ఇస్తుంది అన్నది సూటిగా అడగండి. అడగడానికి మొహమాటపడి, చదువంతా అయ్యాక తెలుసుకుని ఏడ్చినవాళ్లను చూశాను. జవాబు మీకు నచ్చకపోయినా సరే, ముందే తెలిస్తే దారి మీరే ఎంచుకోవచ్చు.

2. ఒక సంవత్సరం పరిచర్య చేసి చూడండి

పిలుపు ఉందో లేదో తరగతి గదిలో తేలదు. దరఖాస్తుకు ముందు ఒక ఏడాది పాటు వారం వారం ఏదో ఒక పని భుజాన వేసుకోండి. పిల్లలకు బైబిలు చెప్పడం, రోగుల్ని చూడటానికి వెళ్లడం, యువకుల కూటం నడపడం, వృద్ధుల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం, ఇలా ఏదైనా సరే. మైకు ముందు నిలబడే పని ఒక్కటే ఎంచుకోకండి. ఎవరూ చూడని పని కూడా ఒకటి ఉండాలి.

అధ్యక్షుడు (సంఘాన్ని నడిపే పెద్ద) ఎలా ఉండాలో చెప్పే 1 తిమోతి 3:2-7 ఒకసారి నెమ్మదిగా చదవండి. అందులో నైపుణ్యం అనదగింది బోధించగలగడం. మిగతావి దాదాపు అన్నీ గుణాలే: ఓర్పు, ధనాపేక్ష లేకపోవడం, ఇంటిని చక్కగా ఏలడం, బయటివారిలో మంచి పేరు. సెమినరీ ఆ ఒక్క నైపుణ్యానికి బాగా సాయపడుతుంది. మిగతా గుణాలు అక్కడికి వెళ్తే వచ్చేస్తాయనుకోవద్దు.

ఏడాది అయ్యాక ముగ్గురిని విడివిడిగా అడగండి: "నా వల్ల మీకు మేలు జరిగిందా? నాలో మిమ్మల్ని భయపెట్టేది ఏమిటి?" రెండో ప్రశ్న వదిలేయకండి. ముగ్గురూ ఒకే లోపం చెబితే, దరఖాస్తు ఒక ఏడాది ఆపి దాని మీద పనిచేయండి.

ఇంట్లో దుఃఖం, ఉద్యోగం పోవడం, ప్రేమ విఫలం కావడం వంటివి జరిగిన వెంటనే సెమినరీ వైపు పరిగెత్తేవాళ్లు ఉంటారు. దేవుడు వాటిలోంచి కూడా పిలుస్తాడు, కాదనను. ఆ గాయం కాస్త మానేదాకా ఆగండి. అప్పటికీ పిలుపు అలాగే ఉంటే బయలుదేరండి.

3. డిగ్రీ పేర్లు చూసి మోసపోకండి

ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ): కాపరి పనికి మూడేళ్ల పూర్తిస్థాయి డిగ్రీ. బైబిలు, వేదాంతం, సంఘ చరిత్ర, ప్రసంగం, కాపరి సంరక్షణ, క్షేత్ర పరిచర్య అన్నీ ఇందులో ఉంటాయి. ఉత్తర అమెరికాలో గుర్తింపు ఇచ్చే అసోసియేషన్ ఆఫ్ థియొలాజికల్ స్కూల్స్ నిబంధనల్లో దీనికి కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి.

బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ): పేరులో బ్యాచిలర్ అని ఉన్నా, చాలాచోట్ల డిగ్రీ అయినవాళ్లు కాపరి పని కోసం చేసే చదువే ఇది. ఉత్తర అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే పేరుండేది, తర్వాత ఎం.డివ్.గా మార్చారు. సెరాంపూర్ సెనేట్ (పశ్చిమ బెంగాల్‌లోని సెరాంపూర్ కళాశాల తరఫున అనుబంధ కళాశాలలకు డిగ్రీలిచ్చే సంస్థ) కింద ఇప్పటికీ బి.డి. అనే అంటారు. పేరు చూసి తక్కువ అనుకోవద్దు.

ఎం.ఎ.: సాధారణంగా రెండేళ్లు. బైబిలు, కౌన్సెలింగ్, మిషన్ వంటి ఒక విభాగం మీదే దృష్టి. బోధకులకు, రచయితలకు, ఉద్యోగం చేస్తూ పరిచర్యలో ఉండేవాళ్లకు మంచిది. చాలా డినామినేషన్లలో అభిషేకానికి ఇది సరిపోదు.

ఎం.టి.హెచ్. లేదా టి.హెచ్.ఎం. (మాస్టర్ ఆఫ్ థియాలజీ): ఎక్కువచోట్ల బి.డి., ఎం.డివ్. తర్వాత చేసే లోతైన చదువు. కొన్ని సెమినరీల్లో మాత్రం ఇదే మొదటి డిగ్రీ. ప్రాస్పెక్టస్‌లో ప్రవేశ అర్హత చూస్తే తేలిపోతుంది.

డి.మిన్. (డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ) ఇప్పటికే కొన్నేళ్లు పరిచర్యలో ఉన్నవాళ్లకు, పీహెచ్.డి. పరిశోధనకు. ఇప్పుడు వాటి గురించి ఆలోచించకండి.

తేల్చుకోలేకపోతే, మొదటి అడుగులో తెచ్చుకున్న ఉత్తరం తీసి చూడండి. అందులో రాసిన డిగ్రీయే మీది.

4. గుర్తింపు సరిచూడండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. చదవకుండానే, "జీవిత అనుభవం" చూసి డాక్టరేట్ ఇచ్చేస్తామనే సంస్థలు క్రైస్తవ ప్రపంచంలో తక్కువేమీ లేవు. పేరులో "అంతర్జాతీయ" అని ఉంటుంది, గౌన్లూ ఫొటోలూ ఉంటాయి.

తెలిసిన గుర్తింపు సంస్థలు కొన్ని: అమెరికా, కెనడాలకు పైన చెప్పిన అసోసియేషన్ ఆఫ్ థియొలాజికల్ స్కూల్స్, ఆసియాలో ఇవాంజెలికల్ సెమినరీలకు ఏషియా థియొలాజికల్ అసోసియేషన్. సెరాంపూర్ సంగతి వేరు. 1818లో మొదలైన ఆ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ ద్వారా డిగ్రీలిచ్చే హక్కు వచ్చింది. 1918 చట్టంతో ఏర్పడిన సెనేట్ నేటికీ అనుబంధ కళాశాలలకు డిగ్రీలు ఇస్తోంది.

ఎలా సరిచూడాలి?

ఎ) సెమినరీ వెబ్‌సైట్‌లో ఉన్న లోగోను నమ్మకండి. గుర్తింపు సంస్థ వెబ్‌సైట్‌కు మీరే వెళ్లి, సభ్యుల జాబితాలో పేరు వెతకండి.
బి) సెమినరీ పేరు ఉంటే చాలదు, మీరు చేరే కోర్సు పేరు కూడా ఉండాలి. ఎం.ఎ.కు గుర్తింపు ఉండి, డాక్టరేట్‌కు లేకపోవచ్చు.
సి) "అభ్యర్థి హోదా", "దరఖాస్తు చేశాం", "అనుబంధంగా ఉన్నాం" అనే మాటలు గుర్తింపు కిందకు రావు.
డి) గుర్తింపు ఇచ్చిన సంస్థ గురించి కూడా విచారించండి. దొంగ సెమినరీకి తోడుగా దొంగ గుర్తింపు సంస్థలూ ఉన్నాయి.
ఇ) సంఘ గుర్తింపు, ప్రభుత్వ గుర్తింపు రెండూ ఒకటి కాదు. రేపు విశ్వవిద్యాలయంలో బోధించాలనో, వేరే దేశంలో పరిశోధన చేయాలనో ఉంటే రెండోదీ చూసుకోవాలి.

గుర్తింపు లేని బైబిలు పాఠశాలలన్నీ చెడ్డవని కాదు. కొన్నింటిలో వాక్యం చక్కగా నేర్పుతారు, గుణం దిద్దుతారు. మీ సంఘానికి అది చాలు అనుకుంటే వెళ్లండి. అక్కడి సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలుసుకుని వెళ్లండి, అంతే.

ఆన్‌లైనా, క్యాంపసా? ఉద్యోగం, కుటుంబం వదల్లేని వాళ్లకు ఆన్‌లైన్ నిజంగా మేలు చేసింది. గ్రీకు, చరిత్ర అలా బాగానే నేర్చుకోవచ్చు. కానీ తోటి విద్యార్థితో ఒకే గదిలో ఉండి గొడవపడి, క్షమాపణ అడిగి, కలిసి ప్రార్థించడం తెర మీద దొరకదు. ఆన్‌లైన్ తీసుకుంటే, మీ ఊళ్లోనే ఒక కాపరి పర్యవేక్షణలో పనిచేసే ఏర్పాటు తప్పక చేసుకోండి.

5. దరఖాస్తు రాయడం

ఎక్కువమంది తప్పులు చేసేది స్టేట్‌మెంట్‌లో. నా మొదటి స్టేట్‌మెంట్ పూర్తిగా సాక్ష్యమే. ఎలా రక్షింపబడ్డానో నాలుగు పేజీలు రాశాను. ఏం చదవాలో, ఎందుకు అక్కడే చదవాలో ఒక్క వాక్యం లేదు. తిరిగి రాయమని పంపారు, సరిగానే చేశారు.

సాక్ష్యం, స్టేట్‌మెంట్ వేర్వేరు కాగితాలు. స్టేట్‌మెంట్‌లో ఈ వరుస పాటించండి: ఇప్పటిదాకా ఏ పరిచర్య చేశారు; ఆ పనిలో మీకు జవాబు తెలియక ఆగిపోయిన చోటు ఏది; దానికి ఏ చదువు కావాలి; ఆ చదువు ఈ సెమినరీలో ఎక్కడ ఉంది; తర్వాత ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారు.

బలహీనంగా ఉన్న వాక్యం: "చిన్నప్పటి నుంచి దేవుని సేవ చేయాలని నాకు గొప్ప ఆశ ఉంది."

బలమైన వాక్యం: "బిడ్డను పోగొట్టుకున్న తల్లి, 'ఇది నా పాపానికి శిక్షా?' అని అడిగితే నేను యోబు గ్రంథం తెరిచాను గానీ దాన్ని ఎలా చదవాలో నాకు తెలియలేదు."

రెండో వాక్యం రాసిన మనిషికి చదువు ఎందుకు కావాలో చదివేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

సిఫారసు లేఖలకు కనీసం ఆరు వారాలు ముందు అడగండి. పెద్ద పేరున్న, మీరెవరో సరిగా తెలియని దైవజనుడి లేఖ కన్నా మీతో పనిచేసిన సండేస్కూల్ టీచర్ లేఖ బలంగా ఉంటుంది. లేఖ మీరే రాసి సంతకం పెట్టించుకోవద్దు. మూడు లేఖలూ ఒకే చేతి రాతలా ఉంటే చూసేవాళ్లకు తెలిసిపోతుంది, పరిచర్యకు మొదటి మెట్టే అబద్ధమవుతుంది.

దరఖాస్తులో నేర చరిత్ర, విడాకులు, అప్పులు, మానసిక ఆరోగ్యం గురించి ప్రశ్నలు ఉండవచ్చు. దాచకండి. చెప్పుకున్న గతాన్ని కమిటీలు తరచూ అర్థం చేసుకుంటాయి. దాచింది తర్వాత బయటపడితే నమ్మకం పోతుంది.

6. డబ్బు, ఇల్లు

ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ప్రయాణం, కుటుంబ ఖర్చు అన్నీ కలిపి చదువు ఎన్నేళ్లో అన్నేళ్లకు లెక్క వేయండి. ఆ పక్కనే, చదువయ్యాక వచ్చే జీతం రాయండి. కాపరి జీతంతో పెద్ద అప్పు తీర్చడం చాలా కష్టం. అప్పు తీర్చడం కోసమే పెద్ద సంఘం వెతుక్కునే పరిస్థితి వస్తుంది, అప్పుడు పిలుపు ఎటు లాగుతున్నా మనసు జీతం వైపు లాగుతుంది. స్కాలర్‌షిప్, సంఘ సహాయం, పార్ట్‌టైమ్ చదువు, ముందు రెండేళ్లు ఉద్యోగం చేసి పొదుపు చేసుకోవడం, ఈ దారులన్నీ చూశాకే అప్పు.

సంఘం డబ్బు ఇస్తే షరతులు కాగితం మీద ఉండాలి. ఎన్నేళ్లు వాళ్ల దగ్గర పనిచేయాలి? మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా?

పెళ్లయినవాళ్లు భార్యతో, భర్తతో కూర్చుని ఈ లెక్క కలిసి వేయండి. "దేవుడు నన్ను పిలిచాడు" అని ఇంట్లో నోరు మూయించి బయలుదేరకండి. వాళ్లు ఇంకా సిద్ధంగా లేకపోతే ఆగండి.

7. క్లాసులు మొదలయ్యేలోపు

బైబిలు మొత్తం ఒకసారి చదివేయండి. 1,189 అధ్యాయాలు, రోజుకు ఏడు చదివితే 170 రోజులు. మొదటి ఏడాది అధ్యాపకులు "యిర్మీయా 31 గుర్తుందిగా" అని సాగిపోతారు. గుర్తులేకపోతే పాఠం అక్కడే జారిపోతుంది.

గ్రీకు 24 అక్షరాలు, హెబ్రీ 22 అక్షరాలు ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లండి. హెబ్రీ కుడి నుంచి ఎడమకు రాస్తారు, కంటికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. కొత్త నిబంధన గ్రీకులో మొత్తం పదాలు ఐదు వేల పైచిలుకు. టెన్షన్ పడకండి. 50 సార్లు, అంతకు మించి వచ్చే పదాలు సుమారు 300 మాత్రమే, పాఠంలో దాదాపు 80 శాతం వాటితోనే నడుస్తుంది. రోజుకు ఐదు చొప్పున రెండు నెలల్లో పూర్తవుతాయి. రోజూ పావుగంట చాలు, వారానికోసారి మూడు గంటలు కూర్చుంటే మాత్రం నిలవదు.

ఒక పేజీ వ్యాసం వారానికొకటి రాయడం కూడా అలవాటు చేసుకోండి. బాగా మాట్లాడేవాళ్లు రాయడానికి వచ్చేసరికి తడబడటం మామూలే.

8. చేరాక: విశ్వాసం కదిలినట్టు అనిపించే రోజు

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. మొదటి సెమిస్టర్‌లోనే ఒక రోజు అధ్యాపకుడు, మార్కు సువార్త చివరి వచనాలు (16:9-20) సీనాయ్, వాటికన్ ప్రతుల్లో లేవని చెబుతారు. ఆ ప్రతులు నాలుగో శతాబ్దంలో చేతితో రాసిన గ్రీకు బైబిళ్లు. వ్యభిచారంలో పట్టబడిన స్త్రీ కథ (యోహాను 7:53-8:11) కూడా అత్యంత పాత ప్రతుల్లో కనబడదు. మోషే పంచకాండాలు (బైబిలులోని మొదటి ఐదు పుస్తకాలు) ఎవరు ఎప్పుడు రాశారన్న చర్చ వస్తుంది. మత్తయి, మార్కు, లూకాల్లో ఎవరు ఎవరిని చూసి రాశారన్న ప్రశ్న వస్తుంది. ఆ స్త్రీ కథ మీద చిన్నప్పటి నుంచి కన్నీళ్లు పెట్టుకున్న విద్యార్థికి ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకూ పట్టలేదు.

రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, చెవులు మూసుకోవడం: పరీక్షకు కావాల్సింది బట్టీపట్టి, లోపలికి రానివ్వకపోవడం. ఐదేళ్ల తర్వాత సంఘంలో ఒక కాలేజీ కుర్రాడు అదే ప్రశ్న అడిగినప్పుడు అలాంటి కాపరి కోప్పడతాడు. రెండోది, విన్నదాన్ని వచ్చే ఆదివారమే ప్రసంగపీఠం మీదకు తీసుకెళ్లడం. మీరే ఇంకా అరిగించుకోనిదాన్ని సంఘానికి పెట్టకండి.

ఇలా చేయండి. ప్రశ్నను నోటుబుక్కులో రాయండి, తేదీ వేయండి. రెండు వైపుల పండితులనూ చదవండి. విశ్వాసంలో నిలిచి ఉన్న ఒక అధ్యాపకుడి దగ్గరకు వెళ్లి, "మీరు దీన్ని ఎలా దాటారు?" అని అడగండి. రోజూ ప్రార్థనకూ, బైబిలును బైబిలుగా చదవడానికీ కొంత సమయం పెట్టుకోండి, పాఠం కోసం చదివేది అందులో కలపకండి. ఆరు నెలల తర్వాత నోటుబుక్కు తీసి చూస్తే కొన్ని ప్రశ్నలకు జవాబు దొరికి ఉంటుంది, కొన్ని మిగిలి ఉంటాయి. మిగిలినవి ఉన్నా పరిచర్య చేయవచ్చు.

చేరాక ఇంకొన్ని పొరపాట్లు కూడా కనిపిస్తాయి. క్యాంపస్ చాపెల్ ఉందిగా అని స్థానిక సంఘానికి వెళ్లడం మానేయడం. వేరేవాళ్ల ప్రసంగాన్ని, వ్యాసాన్ని పేరు చెప్పకుండా వాడుకోవడం. సెమినరీలో దీనికి డిబార్ కూడా చేయవచ్చు. క్షేత్ర పరిచర్యను హాజరు కోసం చేయడం. అవకాశం ఉంటే ఆసుపత్రిలో పర్యవేక్షణతో జరిగే క్లినికల్ పాస్టోరల్ శిక్షణ తీసుకోండి. 1925లో ఆంటన్ బోయిసెన్ అమెరికాలో ఒక మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులకు మొదలుపెట్టిన పద్ధతి ఇది. రోగి దగ్గర మీరు మాట్లాడిన ప్రతి మాటా రాసి తోటివారి ముందు పెట్టాలి. మీరు ఎంత వినకుండా మాట్లాడతారో అక్కడ తెలుస్తుంది.

సరిగా సాగుతోందా? ఇలా చూసుకోండి

మొదటి సెమిస్టర్ చివర:
- పాఠంలో నేర్చిన ఒక సంగతిని పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలరా? చెప్పి చూడండి.
- మీరు ఒప్పుకోని వేదాంత అభిప్రాయాన్ని, దాన్ని నమ్మేవాళ్లు విని "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా చెప్పగలరా?
- ఈ నెలలో మార్కులతో సంబంధం లేకుండా ఎవరికోసమైనా ప్రార్థించారా? వాళ్ల పేర్లు రాయండి.

మొదటి ఏడాది చివర:
- యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయం గ్రీకులో నిఘంటువు సాయంతో చదవగలరా? గ్రీకు మొదలుపెట్టినవాళ్లకు తేలికైన పుస్తకం అదే. హెబ్రీ తీసుకుంటే రూతు, యోనా.
- మీ ప్రసంగం విన్న ముగ్గురిని, "నేను ఏం చెప్పాను?" అని మర్నాడు అడగండి. ముగ్గురూ మూడు సంగతులు చెబితే మీ ప్రసంగం లెక్చర్ అయిపోయింది.
- మునుపటి కన్నా ఓర్పు పెరిగిందా తగ్గిందా అన్నది మీరు చెప్పకండి. ఇంట్లోవాళ్లను, రూమ్మేట్‌ను అడగండి.

చదువులో వెనకబడితే క్రెడిట్లు తగ్గించుకుని నాలుగేళ్లలో చేయండి. భాషలే అడ్డమైతే, సంఘం ఒప్పుకున్నంత మేరకు ఎం.ఎ.కు మారవచ్చా అని డీన్‌ను అడగండి. ప్రార్థన ఆగిపోయి, ఇంట్లో మాటలు ఆగిపోయి, క్లాసులకు యంత్రంలా వెళ్తున్నారంటే ఒక సెమిస్టర్ సెలవు పెట్టండి. దాదాపు ప్రతి సెమినరీలోనూ ఆ ఏర్పాటు ఉంటుంది. సెలవు లేఖ ఇచ్చే ముందే రెండు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: ఎంతకాలంలోపు తిరిగి చేరాలి, స్కాలర్‌షిప్ నిలుస్తుందా. ఆ లేఖ ప్రతి ఒకటి మీ సంఘ కమిటీకి కూడా పంపండి.